వైల్డ్‌ఫ్లైలో రాత్రి జాబ్ రెండుసార్లు నడుస్తుంటే: షెడ్యూలర్‌ను మొదటి నుంచి అమర్చడం

ప్రశ్న క్లుప్తంగా ఇది. రెండు నోడ్‌ల (సర్వర్ల) వైల్డ్‌ఫ్లై క్లస్టర్ (వైల్డ్‌ఫ్లై అంటే జావా అప్లికేషన్ సర్వర్), వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. రోజూ రాత్రి 1:30కి దాదాపు 12 లక్షల ఖాతాలకు బిల్లు కట్టే జాబ్ నడవాలి. షెడ్యూల్ అనొటేషన్ పెట్టిన ఈజేబీ (సర్వర్ నడిపే జావా కాంపొనెంట్) మెథడ్‌లోనే లూప్ మొత్తం రాశారు. కొన్ని రాత్రులు ఒకే ఖాతాకు రెండు బిల్లులు పడుతున్నాయి. సర్వర్ మధ్యలో పడిపోతే ఎంతవరకు అయిందో ఎవరికీ తెలియడం లేదు. దీన్ని సరిగ్గా ఎలా అమర్చాలి?

ముందు రెండు బిల్లుల సంగతి తేల్చుకుందాం. దీనికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కారణాలు ఉంటాయి. ఒకటి సరిచేసి ఊరుకుంటే రెండోది ఏదో ఒక నెలాఖరున మళ్లీ తగులుతుంది. లాగ్‌లో రెండో పరుగు ఎక్కడ, ఎప్పుడు మొదలైందో చూడండి. రెండు నోడ్‌లలోనూ సరిగ్గా 1:30:00కి మొదలైతే అది టైమర్ స్టోర్ (టైమర్ల వివరాలు దాచే చోటు) సమస్య. ఒకే నోడ్‌లో మొదటిసారి 1:30కి, రెండోసారి కనీసం 5 నిమిషాలు గడిచాక మొదలైతే అది ట్రాన్సాక్షన్ సమస్య.

టైమర్ స్టోర్ సంగతి: వైల్డ్‌ఫ్లైలో పర్సిస్టెంట్ ఈజేబీ టైమర్లు డిఫాల్ట్‌గా ఫైల్ స్టోర్‌లో ఉంటాయి. సర్వర్ డేటా డైరెక్టరీలో టైమర్-సర్వీస్-డేటా అనే ఫోల్డర్ అదే. ఏ నోడ్ ఫైళ్లు ఆ నోడ్‌వి. కాబట్టి ఒక్కో నోడ్ తన టైమర్ తాను మోగిస్తుంది. పర్సిస్టెంట్ అన్న పేరు చూసి క్లస్టర్ మొత్తానికి ఒక్కటే మోగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ పదం రీస్టార్ట్ తర్వాత కూడా టైమర్ బతికి ఉంటుందని మాత్రమే చెబుతుంది.

ట్రాన్సాక్షన్ సంగతి ఇంకా చిత్రం. టైమర్ మెథడ్‌కు డిఫాల్ట్‌గా కంటెయినర్ (ఈజేబీని నడిపే వైల్డ్‌ఫ్లై భాగం) ఒక ట్రాన్సాక్షన్ తెరుస్తుంది, అంటే అన్నీ కలిపి జరగాల్సిన లేదా అన్నీ వెనక్కి పోవాల్సిన పనుల కట్ట. వైల్డ్‌ఫ్లైలో ట్రాన్సాక్షన్ గడువు డిఫాల్ట్‌గా 300 సెకన్లు. మీ లూప్ 5 నిమిషాలు దాటగానే లాగ్‌లో అర్జునా 012117 నంబరుతో ట్రాన్సాక్షన్ రీపర్ (గడువు దాటినవాటిని పట్టుకునేది) హెచ్చరిక వస్తుంది. ఆ ట్రాన్సాక్షన్ ఇక రోల్‌బ్యాక్ కావలసిందే. కానీ మీ థ్రెడ్ అక్కడితో ఆగదు, లూప్‌లో తన పాటికి తాను తిరుగుతూనే ఉంటుంది. చివరికి అది బయటికి వచ్చాక, టైమర్ మెథడ్ రోల్‌బ్యాక్ అయింది కాబట్టి కనీసం ఒకసారి మళ్లీ పిలవాలన్న ఈజేబీ నియమం ప్రకారం కంటెయినర్ దాన్ని ఇంకోసారి నడుపుతుంది. రోల్‌బ్యాక్ అయితే డేటా వెనక్కి పోవాలి కదా అంటారా? లూప్ లోపల రిక్వైర్స్-న్యూ (ప్రతిసారీ వేరే కొత్త ట్రాన్సాక్షన్) పెట్టిన మెథడ్‌లో బిల్లు రాసి ఉంటే ఆ బిల్లులు అప్పటికే కమిట్ అయిపోయాయి. పంపేసిన ఎస్ఎంఎస్‌లు, రాసేసిన ఫైళ్లూ అంతే. గడువును 300 నుంచి 7200కి పెంచితే చాలు అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. 12 లక్షల వరసలు ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంటే ఆ లాక్‌లన్నీ రెండు గంటలు పట్టుకుని ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో వ్యాక్యూమ్ (టేబుళ్లను శుభ్రం చేసే పని) కూడా ఆ సేపట్లో చచ్చిన వరసలను తీసేయలేదు.

కాబట్టి అమరిక ఇలా ఉండాలి. టైమర్ చేసేది జాబ్‌ను మొదలుపెట్టడం ఒక్కటే. నడిపేది జకార్తా బ్యాచ్. ఇది 2013లో జావా ఈఈ 7తో జేఎస్ఆర్ 352గా వచ్చింది, వైల్డ్‌ఫ్లైలో జేబెరెట్ అనే ఇంజిన్ రూపంలో ముందే ఉంటుంది, వేరే లైబ్రరీ అక్కర్లేదు. ఇక ఈ తేదీకి ఈ జాబ్ ఒక్కసారే జరగాలన్న హామీ టైమర్ దగ్గరా ఉండదు, జేబెరెట్ దగ్గరా ఉండదు. దాన్ని మీ సొంత టేబుల్‌లో మీరే పెట్టుకోవాలి.

టైమర్ స్టోర్‌తో మొదలుపెడదాం. ఈజేబీ3 సబ్‌సిస్టమ్‌లో టైమర్-సర్వీస్ కింద డేటాబేస్-డేటా-స్టోర్ ఒకటి చేర్చండి. డేటాసోర్స్ (డేటాబేస్ కనెక్షన్ల అమరిక) జేఎన్‌డీఐ పేరు (సర్వర్ లోపల దాన్ని పిలిచే పేరు), డేటాబేస్ రకం, పార్టిషన్ పేరు, రిఫ్రెష్-ఇంటర్వల్ ఇవ్వాలి. పార్టిషన్ పేరు రెండు నోడ్‌లలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. పేర్లు వేరైతే రెండూ ఒకే టేబుల్‌ను వాడుతూ కూడా ఒకదాని టైమర్లు ఒకదానికి కనబడవు, మీ సమస్య అలాగే ఉంటుంది. స్టాండలోన్ కాన్ఫిగ్‌ను ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు చేత్తో కాపీ చేసే చోట ఈ తేడా తరచూ దొర్లుతుంది. రిఫ్రెష్-ఇంటర్వల్ మిల్లీసెకన్లలో ఉంటుంది. డిఫాల్ట్ మైనస్ 1, అంటే అసలు రిఫ్రెష్ చేయదు. కోడ్‌లో అప్పటికప్పుడు టైమర్లు సృష్టిస్తుంటే దాన్ని 60000 చేయండి, లేకపోతే ఒక నోడ్ సృష్టించిన టైమర్ రెండో నోడ్‌కు తెలియదు. డేటాబేస్ ఐసొలేషన్ (ఒక ట్రాన్సాక్షన్ మార్పులు ఇంకోదానికి ఎప్పుడు కనబడాలన్న సెట్టింగ్) రీడ్-కమిటెడ్ గానీ సీరియలైజబుల్ గానీ ఉండాలి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా రీడ్-కమిటెడే కాబట్టి మీకు అదనపు పని లేదు.

స్టోర్ చేర్చినంత మాత్రాన అయిపోలేదు. టైమర్-సర్వీస్‌లో డిఫాల్ట్-డేటా-స్టోర్ విలువను ఈ కొత్త పేరుకు మార్చి రీలోడ్ చేయాలి. మార్చడం మరిచిపోతే టేబుల్ ఖాళీగా ఉంటుంది, టైమర్లు పాత ఫైళ్లలోంచే మోగుతుంటాయి. డిప్లాయ్ అయ్యాక జేబాస్_ఈజేబీ_టైమర్ టేబుల్‌లో మీ టైమర్‌కు ఒకే ఒక వరస ఉందో లేదో చూసుకోండి. ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. టైమర్ గుర్తింపులో డిప్లాయ్‌మెంట్ పేరు కలిసి ఉంటుంది. బిల్లింగ్-1.4.వార్, తర్వాత బిల్లింగ్-1.5.వార్ (వార్ అంటే అప్లికేషన్ ప్యాకేజీ ఫైలు) అంటూ ఫైలు పేరులోనే వెర్షన్ పెడితే ప్రతి రిలీజ్‌కూ కొత్త గుర్తింపు వస్తుంది, పాత వరసలు టేబుల్‌లో అనాథలుగా పడి ఉంటాయి. వార్ పేరు ఎప్పుడూ ఒకటే ఉండేలా బిల్డ్ మార్చండి.

టైమర్ మెథడ్‌లో ఏముండాలి? గంట 1, నిమిషం 30, టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా. టైమ్‌జోన్ తప్పనిసరిగా రాయండి. క్లౌడ్ మెషీన్లు, డాకర్ లాంటి కంటెయినర్లు ఎక్కువగా యూటీసీలో ఉంటాయి. రాయకపోతే జాబ్ మన ఉదయం 7 గంటలకు నడుస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్ సర్వర్లు చూసేవాళ్లకు ఇంకో మాట: న్యూయార్క్ టైమ్‌జోన్‌లో రాత్రి 2 నుంచి 3 మధ్య జాబ్ పెట్టకండి. మార్చి రెండో ఆదివారం ఆ గంటే ఉండదు. నవంబరు మొదటి ఆదివారం 1 నుంచి 2 మధ్య గంట రెండుసార్లు వస్తుంది. 12:30కో 3:30కో పెడితే ఏ గొడవా ఉండదు.

మెథడ్ మీద ట్రాన్సాక్షన్ అట్రిబ్యూట్‌ను నాట్-సపోర్టెడ్ (ట్రాన్సాక్షన్ లేకుండా నడపడం) చేయండి. అప్పుడు 300 సెకన్ల గడువు మాటే రాదు. బ్యాచ్ ఇంజిన్ తన ట్రాన్సాక్షన్లను తాను చూసుకుంటుంది. మెథడ్ లోపల నాలుగే పనులు. మొదటిది, ఇప్పుడు టైము ఎంతో చూడాలి. రాత్రి 1:30కి సర్వర్ ఆగి ఉండి పొద్దున 11కి లేస్తే, తప్పిపోయిన పర్సిస్టెంట్ టైమర్ లేవగానే ఒకసారి మోగుతుంది. అంటే కౌంటర్ల దగ్గర జనం ఉన్నప్పుడు 12 లక్షల బిల్లుల జాబ్ మొదలవుతుంది. 1:30 నుంచి 5:00 మధ్య కాకపోతే అలర్ట్ పంపి వెనక్కి తిరిగేలా రాయండి, పగలు నడపాలా వద్దా మనిషి తేల్చుకుంటాడు. రెండోది, బిజినెస్ తేదీ లెక్కగట్టాలి. రాత్రి ఒంటిగంటన్నర జాబ్ సాధారణంగా నిన్నటి తేదీకి. దీన్ని ఇక్కడే ఒకసారి లెక్కగట్టి పారామీటర్‌గా పంపండి. జాబ్ లోపల ఎక్కడా కరెంట్-డేట్ వాడకండి. మర్నాడు పొద్దున రీస్టార్ట్ చేసినప్పుడు సగం బిల్లులకు ఒక తేదీ, సగానికి ఇంకో తేదీ పడేది దీనివల్లే.

మూడోది అసలు తాళం. బ్యాచ్_రన్ అని ఒక టేబుల్ పెట్టండి: జాబ్ పేరు, బిజినెస్ తేదీ, ఎగ్జిక్యూషన్ ఐడీ (ఒక్కో పరుగుకు ఇంజిన్ ఇచ్చే నంబరు), నోడ్ పేరు, మొదలైన సమయం. జాబ్ పేరు, తేదీ కలిపి ప్రైమరీ కీ. జాబ్‌ను మొదలుపెట్టే స్టార్ట్ పిలవడానికి ముందు ఇందులో ఇన్సర్ట్ చేయాలి, ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్‌తో. 1 వరస పడిందని వస్తే ఈ నోడ్ ముందుకెళ్తుంది. 0 వస్తే అప్పటికే ఇంకెవరో మొదలుపెట్టారు, మాట్లాడకుండా వెనక్కి. ఈ ఇన్సర్ట్ తన సొంత చిన్న ట్రాన్సాక్షన్‌లో వెంటనే కమిట్ కావాలి. నాలుగోది, జాబ్ ఆపరేటర్‌తో (జాబ్‌లను నడిపే బ్యాచ్ ఏపీఐ) స్టార్ట్ పిలిచి, వచ్చిన ఎగ్జిక్యూషన్ ఐడీని అదే వరసలో అప్‌డేట్ చేయడం. ఇన్సర్ట్‌కూ స్టార్ట్‌కూ మధ్య నోడ్ పోతే ఐడీ ఖాళీగా ఉన్న వరస మిగులుతుంది. పది నిమిషాలు దాటినా ఐడీ రాని వరస ఉంటే అలర్ట్ కొట్టేలా మానిటరింగ్‌లో ఒక క్వెరీ పెట్టుకుంటే చాలు.

దీనికి బదులు జాబ్ ఆపరేటర్‌లోని గెట్-రన్నింగ్-ఎగ్జిక్యూషన్స్ పిలిచి చూస్తే సరిపోదా అంటే, పోదు. రెండు నోడ్‌లు ఒకే క్షణంలో చూస్తే రెండింటికీ ఖాళీగానే కనబడుతుంది. పైగా స్టార్ట్ ఎన్నిసార్లు పిలిస్తే అన్ని కొత్త జాబ్ ఇన్‌స్టెన్స్‌లు పుడతాయి. పారామీటర్లు ఒకటే కదా అని స్ప్రింగ్ బ్యాచ్ (ఇంకో జావా బ్యాచ్ ఫ్రేమ్‌వర్క్) ఆపినట్టు ఇది ఆపదు. స్ప్రింగ్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు.

ఇక బ్యాచ్-జేబెరెట్ సబ్‌సిస్టమ్. డిఫాల్ట్‌గా జాబ్ రిపోజిటరీ (జాబ్ పరుగుల చరిత్ర ఉండే చోటు) ఇన్-మెమరీ. సర్వర్ పడిపోతే చరిత్ర మొత్తం పోతుంది, రీస్టార్ట్ చేయడానికి ఐడీ కూడా మిగలదు. ఎక్కడ ఆగిందో తెలియడం లేదన్న మీ బాధ బ్యాచ్‌కు మారినా ఈ ఒక్క సెట్టింగ్ మార్చకపోతే తీరదు. జేడీబీసీ-జాబ్-రిపోజిటరీ చేర్చి డేటాసోర్స్ ఇవ్వండి, డిఫాల్ట్-జాబ్-రిపోజిటరీని దానికి మార్చండి. జాబ్_ఇన్‌స్టెన్స్, జాబ్_ఎగ్జిక్యూషన్, స్టెప్_ఎగ్జిక్యూషన్, పార్టిషన్_ఎగ్జిక్యూషన్ అనే నాలుగు టేబుళ్లు జేబెరెటే సృష్టించుకుంటుంది. డేటాబేస్ యూజర్‌కు టేబుల్ సృష్టించే హక్కు లేని చోట డీబీఏతో ముందే చేయించుకోవాలి. మీ అప్లికేషన్ వాడే డేటాసోర్స్‌నే దీనికీ ఇవ్వడం తేలిక. వేరే డేటాసోర్స్ పెడితే, రెండూ ఎక్స్ఏ (పలు డేటాసోర్సులు ఒకే ట్రాన్సాక్షన్‌లో చేరగలిగే రకం) కానివైతే, ఒకే ట్రాన్సాక్షన్‌లో రెండు లోకల్ రిసోర్సులు చేర్చలేనంటూ ట్రాన్సాక్షన్ మేనేజర్ మొరాయించే అవకాశం ఉంది. ఆ తలనొప్పి తెచ్చుకునేంత లాభం వేరు చేయడంలో లేదు.

థ్రెడ్ పూల్ లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి. డిఫాల్ట్ మ్యాక్స్-థ్రెడ్స్ 10. అందులో 2 థ్రెడ్లను, పార్టిషన్ల (ఒకే స్టెప్‌ను, అంటే జాబ్‌లోని ఒక దశను, పంచుకుని ఒకేసారి నడిచే భాగాలు, పైన చెప్పిన టైమర్ పార్టిషన్ కాదు) పని ఇరుక్కుపోకుండా, ఇంజిన్ పక్కన పెట్టుకుంటుంది, అందుకే ఈ సంఖ్య ఎప్పుడూ 3 కంటే ఎక్కువ ఉండాలి. మిగిలింది 8. 6 పార్టిషన్ల స్టెప్ ఉన్న జాబ్‌కు ప్రధాన థ్రెడ్‌తో కలిపి 7 కావాలి, సరిపోతుంది. అదే సమయానికి అలాంటి ఇంకో జాబ్ మొదలైతే దాని పార్టిషన్లు వరసలో నిలబడతాయి. థ్రెడ్లు పెంచేటప్పుడు డేటాసోర్స్ పూల్‌ను కూడా చూసుకోండి. దాని మ్యాక్స్ డిఫాల్ట్ 20, దాన్ని వెబ్ రిక్వెస్టులు కూడా పంచుకుంటాయి. కనెక్షన్ దొరకక 30000 మిల్లీసెకన్లు చూసి విఫలమయ్యానని ఐజే 000655 ఎర్రర్ వస్తే బ్యాచ్‌కు వేరే పూల్ పెట్టడం కంటే ముందు రీడర్ కనెక్షన్ మూయడం మరిచిపోయిందేమో చూడండి. చాలాసార్లు అదే.

జాబ్ ఎక్స్ఎంఎల్ ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయమే, కానీ గంటలు తినేస్తుంది. వార్‌లో అయితే వెబ్-ఇన్ఫ్/క్లాసెస్/మెటా-ఇన్ఫ్/బ్యాచ్-జాబ్స్ ఫోల్డర్. వార్ పైస్థాయిలో ఉండే మెటా-ఇన్ఫ్ కాదు. స్టార్ట్‌కు ఇచ్చే పేరు డాట్ ఎక్స్ఎంఎల్ లేని ఫైలు పేరు, లోపల రాసిన జాబ్ ఐడీ కాదు. అయోమయం లేకుండా రెండూ ఒకటే పెట్టుకోండి.

ఇంకోటి. స్టెప్‌లను ఎక్స్ఎంఎల్‌లో ఒకదాని కింద ఒకటి రాస్తే వరసగా నడుస్తాయనుకోవడం సహజం. నడవవు. మొదటి స్టెప్‌లో నెక్స్ట్ అట్రిబ్యూట్ లేకపోతే ఆ ఒక్క స్టెప్ అయ్యాక జాబ్ హాయిగా కంప్లీటెడ్ అని ముగుస్తుంది. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు.

రీడర్ (ఖాతాలు చదివేది), ప్రాసెసర్ (బిల్లు లెక్కగట్టేది), రైటర్ (రాసేది) క్లాసులకు నేమ్డ్ అనొటేషన్ పెట్టి డిపెండెంట్ స్కోప్‌లో (వాడే ప్రతి చోటా కొత్త వస్తువు) ఉంచండి. అలవాటుగా అప్లికేషన్-స్కోప్డ్ పెడితే 6 పార్టిషన్లూ ఒకే రీడర్ వస్తువును పంచుకుంటాయి. ఒకరి కర్సర్‌ను ఇంకొకరు ముందుకు జరుపుతారు, కొన్ని ఖాతాలు ఎగిరిపోతాయి. ఒక్క పార్టిషన్‌తో టెస్ట్ చేసినప్పుడు ఇది బయటపడదు.

ఇప్పుడు చంక్, అంటే ఒక్కో కమిట్‌లో కలిపి రాసే ఐటెమ్‌ల గుంపు. దాని సైజు చెప్పే ఐటెమ్-కౌంట్ రాయకపోతే 10. అంటే 12 లక్షల ఖాతాలకు 1,20,000 కమిట్‌లు. 500 పెడితే 2,400. నేనైతే 500తో మొదలుపెట్టి కొలుస్తాను. 5,000 దాటించడం దండగ, ఒక్క తప్పు వరస వస్తే తిరిగి చేయాల్సిన పని పెరుగుతుంది, లాక్‌లు ఎక్కువసేపు ఉంటాయి. ప్రతి చంక్‌కూ సొంత ట్రాన్సాక్షన్ ఉంటుంది, దాని గడువు స్పెసిఫికేషన్ ప్రకారం డిఫాల్ట్‌గా 180 సెకన్లు. 500 వరసలకు 180 సెకన్లు చాలకపోతే గడువును కాదు, క్వెరీని అనుమానించాలి. నిజంగానే మార్చాలంటే స్టెప్ ప్రాపర్టీగా జకార్తా.ట్రాన్సాక్షన్.గ్లోబల్.టైమౌట్ ఇవ్వాలి. పాత పోస్టులలో ఇది జావాఎక్స్ అని మొదలవుతుంది. వైల్డ్‌ఫ్లై 27 నుంచి జకార్తా ఈఈ 10 వచ్చింది కాబట్టి పాత పేరు కాపీ కొడితే ఎర్రర్ ఏమీ రాదు, ఆ విలువను పట్టించుకునేవాళ్లే ఉండరు.

రీడర్ రాసేటప్పుడు ఓపెన్ మెథడ్‌లో రిజల్ట్‌సెట్ తెరిచి రీడ్-ఐటెమ్‌లో నెక్స్ట్ కొడుతూ పోవడం అందరికీ ముందు తోచేది. జేటీఏ డేటాసోర్స్ (ట్రాన్సాక్షన్లను సర్వరే నడిపేది) మీద అది మొదటి కమిట్ తర్వాత రిజల్ట్‌సెట్ మూసుకుపోయిందని పడిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో లోతు ఉంది. ఆటోకమిట్ ఆన్‌లో ఉంటే ఫెచ్-సైజ్ ఎంత పెట్టినా డ్రైవర్ 12 లక్షల వరసలనూ ఒక్కసారే మెమరీలోకి లాగుతుంది. కర్సర్‌ను బతికించే ఉపాయాలు ఉన్నాయి గానీ, వాటి జోలికి పోకుండా ఐడీ మీద నడిచే రీడర్ రాయండి: చివరిగా చదివిన ఐడీ కంటే పెద్దవి, ఐడీ వరసలో, 1,000 తెచ్చుకో. బఫర్ అయిపోతే మళ్లీ తెచ్చుకో. చెక్‌పాయింట్-ఇన్ఫో మెథడ్ ఆ చివరి ఐడీనే తిరిగి ఇస్తుంది. రీస్టార్ట్‌లో ఓపెన్‌కు అదే విలువ వస్తుంది, అక్కడి నుంచి సాగుతుంది. ఒక్క జాగ్రత్త: చివరిగా తెచ్చుకున్న ఐడీ వేరు, చివరిగా రీడ్-ఐటెమ్ ద్వారా బయటికి ఇచ్చిన ఐడీ వేరు. చెక్‌పాయింట్‌లో రెండోదే ఉండాలి. మొదటిది ఇస్తే రీస్టార్ట్ అయినప్పుడు బఫర్‌లో మిగిలిన ఖాతాలకు బిల్లే ఉండదు. ఆఫ్‌సెట్ వాడి పేజీలు తిప్పడం మాత్రం వద్దు. లోపలికి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది, మధ్యలో వరసలు మారితే కొన్ని జారిపోతాయి.

చెక్‌పాయింట్ ఉంది కదా అని రైటర్‌ను గాలికి వదలకండి. బిల్లు టేబుల్‌లో ఖాతా నంబరు, బిల్లు నెల కలిపి యూనిక్ కీ ఉంటే పైనున్న ఏ తాళం విఫలమైనా రెండో బిల్లు పడదు. ఈ రాత్రికే ఏదైనా ఒక్కటి చేయగలిగితే ఇదే చేయండి, మిగతాది వారం తర్వాత చేసుకోవచ్చు. ఇప్పటికే రెండేసి బిల్లులు ఉన్న ఖాతాలను ముందు శుభ్రం చేయకపోతే ఇండెక్స్ సృష్టించడమే విఫలమవుతుంది. ఎస్ఎంఎస్, ఈమెయిల్ లాంటివి రైటర్‌లో నేరుగా పంపకండి. పంపాల్సినవి అన్న టేబుల్‌లో అదే ట్రాన్సాక్షన్‌లో వరస రాయండి, వేరే జాబ్ వాటిని పంపుతుంది. రోల్‌బ్యాక్ అయిన బిల్లుకు ఎస్ఎంఎస్ వెళ్లిపోవడం అనే సమస్య అప్పుడు ఉండదు.

స్కిప్ (తప్పున్న ఐటెమ్‌ను వదిలి ముందుకెళ్లడం) దగ్గర పెద్ద గొయ్యి ఉంది. రీడర్‌లోనో ప్రాసెసర్‌లోనో స్కిప్పబుల్ ఎక్సెప్షన్ వస్తే ఆ ఒక్క ఐటెమ్ పక్కకు పోతుంది. అదే ఎక్సెప్షన్ రైటర్‌లో వస్తే చంక్ మొత్తం స్కిప్ అవుతుంది. స్కిప్-రైట్ లిజనర్‌కు వచ్చేది ఒక ఐటెమ్ కాదు, మొత్తం లిస్ట్. ఒక్క ఖాతాలో పిన్‌కోడ్ పొడవు ఎక్కువైందని 499 మంచి ఖాతాలకు కూడా బిల్లు రాదు, జాబ్ మాత్రం కంప్లీటెడ్ అంటుంది. దీనికి మందు స్పెసిఫికేషన్‌లోనే ఉంది. అదే ఎక్సెప్షన్‌ను రీట్రైయబుల్ జాబితాలో కూడా చేర్చండి. రెండింటిలోనూ ఉంటే మామూలు పరుగులో రీట్రైకే ప్రాధాన్యం. చంక్ రోల్‌బ్యాక్ అయి, అవే ఐటెమ్‌లు ఒక్కొక్కటిగా మళ్లీ నడుస్తాయి. ఆ రీట్రైలో స్కిప్‌కు ప్రాధాన్యం మారుతుంది కాబట్టి తప్పున్న ఒక్కటే పక్కకు పోతుంది. స్కిప్-లిమిట్ కూడా తప్పక పెట్టండి. 12 లక్షలకు 200 దాటితే అది తప్పు వరసల వ్యవహారం కాదు, ఎవరో టేబుల్ మార్చారని అర్థం. జాబ్ ఆగిపోవడమే మేలు. రైటర్‌లో నల్ పాయింటర్ లాంటి వాటిని స్కిప్ జాబితాలో పెట్టడం, లేదా ఏకంగా ఎక్సెప్షన్ క్లాస్‌నే పెట్టడం చూస్తుంటాం. అది కోడ్‌లోని బగ్‌ను డేటా తప్పుగా దాచడమే.

రీస్టార్ట్ నియమాలు తెలిసి ఉండాలి. ఫెయిల్డ్ లేదా స్టాప్డ్ స్థితిలో ఉన్న ఎగ్జిక్యూషన్‌నే రీస్టార్ట్ చేయగలం. కంప్లీటెడ్‌ను చేయలేం. అందులో అప్పటికే పూర్తయిన స్టెప్‌లు, అలో-స్టార్ట్-ఇఫ్-కంప్లీట్ ట్రూ లేకపోతే, మళ్లీ నడవవు. దీంతో ఒక చిక్కు: మొదటి స్టెప్‌లో రేట్లు మెమరీలోకి తెచ్చి జాబ్ కాంటెక్స్ట్ ట్రాన్సియెంట్ డేటాలో పెట్టి, రెండో స్టెప్‌లో వాడుతుంటే, రీస్టార్ట్‌లో మొదటి స్టెప్ దాటిపోతుంది, రెండో స్టెప్‌కు నల్ దొరుకుతుంది. రేట్లు తెచ్చే స్టెప్‌కు ఆ ట్రూ పెట్టండి, లేదా ప్రాసెసర్ తనకు కావలసింది తానే తెచ్చుకునేలా రాయండి.

నోడ్ ఉన్నట్టుండి చచ్చిపోతే రిపోజిటరీలో స్థితి స్టార్టెడ్ అనే ఉండిపోతుంది. దాన్ని మార్చాల్సిన ప్రాసెస్సే లేదు కదా. జేబెరెట్‌లో ఇందుకే జేబెరెట్.రీస్టార్ట్.మోడ్ అనే పారామీటర్ ఉంది: స్ట్రిక్ట్, డిటెక్ట్, ఫోర్స్ అని మూడు విలువలు. ఫోర్స్ ఇస్తే స్టార్టెడ్‌లో ఇరుక్కున్నదాన్ని రెండో నోడ్ నుంచి లేపవచ్చు. కానీ అలా చేసే ముందు మొదటి నోడ్ జావా ప్రాసెస్ నిజంగా పోయిందని మెషీన్ మీదకు వెళ్లి చూసుకోవాలి. నెట్‌వర్క్ తెగి మీకు కనబడకుండా పోయిన నోడ్ లోపల జాబ్ నడుస్తూనే ఉండవచ్చు. అందుకే దీన్ని ఆటోమేట్ చేయవద్దంటాను. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు రెండు కమాండ్‌ల రన్‌బుక్ (ఏం చేయాలో రాసిన సూచనల కాగితం) చాలు.

ప్లాన్ ప్రకారం ఆపేటప్పుడు ప్రాసెస్‌ను కిల్ చేయకుండా సీఎల్ఐ (వైల్డ్‌ఫ్లై కమాండ్ లైన్) నుంచి గడువు ఇచ్చి సస్పెండ్ చేయండి. నడుస్తున్న జాబ్‌లకు స్టాప్ వెళ్తుంది, చంక్ స్టెప్ చేతిలో ఉన్న చంక్ ముగించి ఆగుతుంది. రెజ్యూమ్ అయినప్పుడు ఆగినవి తిరిగి మొదలవుతాయి, అది వద్దనుకుంటే రీస్టార్ట్-జాబ్స్-ఆన్-రెజ్యూమ్‌ను ఫాల్స్ చేయాలి. బ్యాచ్‌లెట్‌లకు (చంక్‌లు లేకుండా ఒకే పనిగా నడిచే స్టెప్‌లు) మాత్రం ఈ ఆగడం దానంతట అది రాదు. స్టాప్ మెథడ్ వేరే థ్రెడ్‌లో వస్తుంది. అందులో ఒక వోలటైల్ ఫ్లాగ్ మార్చి, ప్రాసెస్ మెథడ్ లూప్ దాన్ని చూసుకుంటూ ఉండాలి. లేకపోతే స్థితి స్టాపింగ్‌లోనే నిలిచిపోతుంది.

కంపెనీలో కంట్రోల్-ఎం, ఆటోసిస్ లాంటి బయటి షెడ్యూలర్లు ఉంటే ఈజేబీ టైమర్‌ను తీసేయండి. గడియారం ఒక్కచోటే ఉండాలి. అవి జేబాస్ సీఎల్ఐ ద్వారా డిప్లాయ్‌మెంట్ కింద ఉన్న బ్యాచ్-జేబెరెట్ సబ్‌సిస్టమ్‌లో స్టార్ట్-జాబ్ పిలవగలవు, స్టాప్-జాబ్, రీస్టార్ట్-జాబ్ కూడా అక్కడే ఉంటాయి. కానీ స్టార్ట్-జాబ్ వెంటనే ఎగ్జిక్యూషన్ ఐడీ చేతిలో పెట్టి సక్సెస్ అని బయటికి వచ్చేస్తుంది. స్క్రిప్ట్ ఎగ్జిట్ కోడ్ 0. షెడ్యూలర్ తెరమీద పచ్చగా వెలుగుతుంది, అసలు జాబ్ అప్పటికి మొదటి చంక్ కూడా దాటి ఉండదు. తర్వాతి ఫైల్ ట్రాన్స్‌ఫర్ జాబ్ ఖాళీ ఫైలును బ్యాంకుకు పంపేస్తుంది. స్క్రిప్ట్ ఆ ఐడీ పట్టుకుని 30 సెకన్లకోసారి స్థితి అడుగుతూ, కంప్లీటెడ్ అయితే 0, ఫెయిల్డ్ లేదా స్టాప్డ్ అయితే 1, అనుకున్న సమయం మించితే 2 ఇవ్వాలి. పైన చెప్పిన బ్యాచ్_రన్ తాళం టైమర్ మెథడ్‌లో ఉంది కాబట్టి ఈ దారిలో అది తగలదు. దాన్ని జాబ్ మొదటి స్టెప్‌గా, ఒక చిన్న బ్యాచ్‌లెట్‌గా మార్చండి. ఆ స్టెప్ 0 వరసలు చూస్తే ఎక్సెప్షన్ వేసి జాబ్‌ను ఫెయిల్ చేయాలి. రీస్టార్ట్‌లో, అప్పటికే పూర్తయిన స్టెప్ కాబట్టి, తాళం మళ్లీ అడ్డుపడదు.

రిపోజిటరీ టేబుళ్లను ఎవరూ ఖాళీ చేయరు. రోజుకు ఒక జాబ్‌కు పర్వాలేదు గానీ, ఐదు నిమిషాలకోసారి నడిచే జాబ్ ఒకటి చేరితే రోజుకు 288 ఎగ్జిక్యూషన్లు, ఏడాదికి లక్ష దాటుతాయి, పార్టిషన్ వరసలు అదనం. సీఎల్ఐలో జాబ్ వివరాలు అడిగితే నెమ్మదిగా వస్తోందంటే అదే కారణం. 90 రోజులు దాటిన కంప్లీటెడ్ వాటిని నెలకోసారి తీసేయండి. ఫారిన్ కీలు ఉంటాయి కాబట్టి క్రమం ముఖ్యం: ముందు పార్టిషన్_ఎగ్జిక్యూషన్, తర్వాత స్టెప్_ఎగ్జిక్యూషన్, ఆ తర్వాత జాబ్_ఎగ్జిక్యూషన్, చివర జాబ్_ఇన్‌స్టెన్స్. ఫెయిల్డ్, స్టాప్డ్ వాటిని ఎవరైనా చూసి తేల్చేదాకా ముట్టుకోకండి, వాటి రీస్టార్ట్ ఆ వరసల మీదే ఆధారపడి ఉంటుంది.